సీసాను వెనక్కి తిప్పి చదవండి

చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు కుంకుడు రసం కంట్లో పడి గోల పెట్టినవాళ్లకు, సహజమైనదంతా సుకుమారంగా ఉండదని కొత్తగా చెప్పక్కర్లేదు. కుంకుడుకాయలో నురగ తెచ్చేవి సపోనిన్లు. వాటి అణువు ఒక కొస నీళ్లను, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది, అందుకే తలకు పట్టిన నూనె నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది. షాంపూలో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్, అదే ఎస్ఎల్ఎస్, చేసేదీ ఇదే పని. రెండూ కంట్లో పడితే మండుతాయి. ఇక ధోబీలు బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజ సంగతి అడగనే వద్దు, దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. అదీ చెట్టుకు కాసిందే.

అయినా నాంపల్లి నుమాయిష్‌లో అయినా, అమీర్‌పేట షాపుల్లో అయినా "కెమికల్ ఫ్రీ" అన్న మాటకు ఉన్న గిరాకీ ఇంకే మాటకూ లేదు. తమాషా ఏమిటంటే ఎస్ఎల్ఎస్‌ను ఎక్కువగా కొబ్బరి నూనె, పామ్ కెర్నెల్ నూనెల నుంచే తయారుచేస్తారు. "ఎస్ఎల్ఎస్ లేదు, కొబ్బరి నుంచి తీసిన క్లెన్సర్" అని చెప్పుకునే సబ్బులూ షాంపూ బార్లూ కొన్నిటిని వెనక్కి తిప్పి చూస్తే సోడియం కోకో సల్ఫేట్ అని ఉంటుంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే కాబట్టి, ఆ కోకో సల్ఫేట్‌లో పెద్ద వాటా లారిల్ సల్ఫేట్‌దే. పేరు మారింది, సరుకు మారలేదు. (ఎస్ఎల్ఎస్ విషమేమీ కాదు, పొడి చర్మం వాళ్లకు కాస్త ఇబ్బంది పెడుతుంది, అంతే. నా గొడవంతా అబద్ధం గురించి.)

వెనకవైపు చదవడానికి ఒక చిట్కా ఉంది. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, 1 శాతం లోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలో రాసినా ఫర్వాలేదు. సరుకు చెడిపోకుండా కలిపే ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను 1 శాతానికి మించి వాడకూడదు. అంటే ఆ పేరు తర్వాత కనిపించేవన్నీ ఒక్క శాతమో అంతకన్నా తక్కువో అన్నమాట. డబ్బా మీద ఇంత పెద్ద కుంకుమపువ్వు బొమ్మ వేసి, లిస్టులో దాన్ని ఫినాక్సీఎథనాల్ వెనకాల రాశారంటే మీరు డబ్బు పోసి కొన్నది బొమ్మనే. "95 శాతం సహజం" అనే లెక్క కూడా ఇలాంటిదే. సహజ పదార్థాల లెక్కకు వాడే ఐఎస్ఓ 16128 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో నీళ్లను కలుపుకుని కూడా సహజ శాతం లెక్కగట్టొచ్చు, లోషన్‌లో సగానికి పైగా నీళ్లే ఉంటాయి మరి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మాత్రం "పారాబెన్ ఫ్రీ" ప్రచారమే అనుకుంటాను. పారాబెన్లు కూడా ప్రిజర్వేటివ్‌లే. 2004లో బ్రిటన్ పరిశోధకులు రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్లు కనిపించాయని రాశారు. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చలేదు, క్యాన్సర్ వీటివల్లే వచ్చిందనీ చెప్పలేదు, కానీ జనంలో భయం పుట్టేసింది. యూరప్ 2014లో తగినంత సమాచారం లేని ఐదు రకాల పారాబెన్లను ఆపేసి, మిగతావాటికి హద్దులు పెట్టి ఉండనిచ్చింది. కంపెనీలు చాలావరకు వాటి జోలికే పోకుండా వేరే ప్రిజర్వేటివ్‌లకు మారిపోయాయి, వాటిలో ఒకటి మిథైల్ఐసోథయజోలినోన్. దాంతో చర్మం ఎర్రబడి దురదలతో డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఎంతగా పెరిగారంటే అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని 2013కి "ఈ ఏటి అలర్జెన్" (అలర్జీ తెచ్చే పదార్థం) అని ప్రకటించింది, 2017 నుంచి యూరప్‌లో రాసుకుని కడిగెయ్యకుండా వదిలేసే క్రీముల్లో దాన్ని వాడనివ్వడం లేదు. అదే సొసైటీ 2019లో పారాబెన్లను "ఈ ఏటి నాన్అలర్జెన్" అంది, అంటే అలర్జీ తెచ్చే గుణం అంత తక్కువ అని.

అసలు ప్రిజర్వేటివే లేకపోతే? నూనెకో, ముల్తానీ మట్టి పొడికో పెద్దగా అవసరం రాదు. నీళ్లున్న దేనికైనా కావాలి. ఇంట్లో కలబంద గుజ్జు మిక్సీలో వేసి సీసాకెత్తితే, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. ఏ పూటకాపూట చేసుకుని, మిగిలింది పారబొయ్యండి.

నిమ్మరసం మొహానికి రాసుకుని మన హైదరాబాద్ ఎండలో బయటికెళ్లే పని మాత్రం అస్సలు పెట్టుకోవద్దు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలు తగ్గాక నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. రంగు తేలడానికని రాసుకుంటే జరిగేది ఇది.

ఇక పెళ్లిళ్ల సీజన్లో, రంజాన్ రాత్రుల్లో లాడ్ బజార్ మెహందీ. గోరింటాకులో రంగు పట్టేది లాసోన్. కడిగిన వెంటనే నారింజ రంగు, ఒకట్రెండు రోజులకు ముదురు ఎరుపు, అంతవరకే దాని శక్తి. చేతి మీద గంటలో నల్లగా పండితే అందులో పారాఫినైలీన్‌డయమిన్, అంటే పీపీడీ, కలిపారేమోనని అనుమానించాల్సిందే. అది హెయిర్ డైలో పరిమితంగా వాడేది, ఒంటికి రాసేది కాదు. కొందరికి డిజైన్ వేసిన గీతల వెంబడే బొబ్బలు లేస్తాయి, ఆ అలర్జీ ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు, ఆ తర్వాత ఎప్పుడో తలకు రంగేసుకున్నా మొహం వాచిపోవచ్చు.

తలకు వేసే "హెర్బల్ బ్లాక్ మెహందీ" పొడుల్లోనూ ఇదే పీపీడీ ఉండొచ్చు. గోరింటాకు తర్వాత నీలి ఆకు పొడి పెట్టి నిజంగానే నల్లరంగు తెప్పించవచ్చు గానీ దానికి గంటల ఓపిక కావాలి, పది నిమిషాల్లో నలుపెక్కితే అది ఆకు పని కాదు. పీపీడీ ఉన్న డై ప్యాకెట్ మీద హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉండాలి, చెవి వెనకో ముంజేతి లోపలివైపో కొంచెం రాసి 24 గంటలు ఆగి చూసుకోమనే సూచన కూడా దాంతో పాటు ఇవ్వాలి. పెళ్లికి ముందు రాత్రి ప్యాకెట్ విప్పేవాళ్లకు అంత టైమ్ ఉండదు కాబట్టి, కొనేదేదో రెండ్రోజుల ముందే కొనండి.