మందిరం కట్టినవారు సంతకానికి ఎందుకు వెనకాడతారు?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ప్రార్థన మందిరాల గొడవ మళ్లీ రాజుకుంది. ఎస్సీ కాలనీ చివర పునాది తీయగానే వినిపించే మాట పాతదే: కాగితాల్లో హిందువులైనప్పుడు చర్చి ఎవరికోసం? హనుమకొండకు అమెరికన్ బాప్టిస్టులు, మెదక్‌కు వెస్లియన్లు అనే ఇంగ్లిష్ మిషనరీలు వచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఈ ప్రశ్నకు మూలం అక్కడ లేదు, 1950 ఆగస్టు 10న ఉంది.

ఆ రోజు వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల జాబితా ప్రకటిస్తూ, హిందూమతం కాక మరో మతాన్ని అవలంబించేవారు ఎస్సీలు కారని మూడో పేరాలో తేల్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికి మన దగ్గర దక్కేది బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. ఎస్సీలకున్నది 15 శాతం. పిల్లల చదువు మీదే ఆశపెట్టుకున్న కూలి కుటుంబం ఈ లెక్క చూడకుండా ఎలా ఉంటుంది?

అందుకే జ్ఞానస్నానంలో పెట్టిన పేరు మందిరం గడప దాటదు. అక్కడ మరియమ్మ, రేషన్ కార్డులో మల్లమ్మ. స్థలాన్ని సంఘం పేరున రాయించాలన్నా, అనుమతికి దరఖాస్తు పెట్టాలన్నా ఎవరో ఒకరు క్రైస్తవులమని సంతకం చేయాలి. ఆ సంతకం రేపు కొడుకు కుల ధ్రువీకరణ పత్రానికి అడ్డం వస్తుందన్న భయంతో పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మందిరం పత్రాల్లో ఇల్లుగానే మిగిలిపోతుంది. ఫిర్యాదు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

మతం మారాక ఎస్సీ ప్రయోజనం కోరడం తగదన్నది అభ్యంతరపెట్టేవారి వాదన. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వారికి అనుకూలంగానే వచ్చింది.

అయితే మతం మారితే కులం పోయిందా? డోర్నకల్‌నే చూడండి. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు సంఘంలో, ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. ఆయన వెనుక ఉన్నది తిరునల్వేలి తమిళ క్రైస్తవులు పోగుచేసిన చందాలు. అంతా విదేశీ సొమ్మే అనేవారు ఈ సంగతి ఎత్తరు. పల్లె సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యమే కానుక. అంత నిష్ఠగా నడిచిన సంఘాల్లోనూ మాల, మాదిగల మధ్య అడ్డుగోడ కూలలేదు. ఊరి బావి దగ్గరా వారి చోటు మారలేదు. మారింది కాగితం మీద మాటే.

మూడో పేరాను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. కాలనీ చివరి మందిరం విషయంలో పంచాయతీ అడుగుతున్నది మాత్రం నేటికీ ఆ ఒక్క సంతకమే.