"తోంగ్ తా చీ నీన్": ఒక కాంటోనీస్ నుడికారం, కొన్ని అపోహలు, వాస్తవాలు

హాంకాంగ్‌లో మనవాళ్లకు అక్కడి చైనీస్ భాష కాంటోనీస్ నేర్పుతుంటాను. ఫుట్‌బాల్ కామెంటరీలో విని, రాసుకొచ్చి అడిగే మాటల్లో ఇదొకటి. మనిషి తన పనిలో మంచి ఊపు మీదున్న కాలాన్ని ఇలా అంటారు.

అపోహ: ఇది కుర్రవాళ్లకే చెల్లుతుంది.
వాస్తవం: ఇక్కడ లెక్క వయసుది కాదు, సత్తాది. 'తోంగ్' అంటే సరిగ్గా ఆ సమయంలో ఉండటం, 'తా' అంటే కొట్టడం, 'చీ' మన షష్ఠి విభక్తి లాంటిది, 'నీన్' అంటే ఏళ్లు. బరిలో దిగి కొట్లాడగల ఏళ్లన్నమాట. ఫుట్‌బాల్ ఆటగాడికి అవి ముప్ఫై దాటాక తరిగిపోవచ్చు. నటుడికైతే నలభై ఐదులోనూ ఇదే మాట వాడొచ్చు. ఇంకా పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్లాడికి మాత్రం అతకదు.

అపోహ: 'కొట్టడం' ఉంది కాబట్టి మొరటు మాట.
వాస్తవం: కానే కాదు. వాళ్లు ఫోన్ చేయడానికీ, బంతాట ఆడటానికీ, జీతానికి పనిచేయడానికీ 'తా' వాడతారు. మనం ఫోన్ కొట్టమనమా, ఈత కొట్టమా?

అపోహ: స్వరం తప్పినా అర్థం చేసుకుంటారు.
వాస్తవం: క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. కాంటోనీస్‌కు ఆరు స్వరాలు, అంటే అక్షరం పలికేటప్పుడు గొంతు ఎత్తుదింపులు. 'తోంగ్' పైస్థాయిలో మొదలై అక్కడే నిలవాలి. అదే అక్షరాన్ని మధ్యస్థాయిలో పలికితే 'తాకట్టు పెట్టడం' అవుతుంది. తాకట్టు దుకాణం అనే మాటలో ఉండేది ఆ అక్షరమే. 'తా' కింది నుంచి పైకి లేవాలి, వినపడనప్పుడు మనం "ఆఁ?" అన్నట్టు. 'చీ' మళ్లీ పైనే. 'నీన్' కిందికి జారాలి.

ఇంకో చిక్కు ఉంది. 1993లో వచ్చిన జ్యూట్‌పింగ్ అనే రోమన్ పద్ధతిలో 'తోంగ్'ను 'డి' అక్షరంతో రాస్తారు. అది చూసి అందరూ 'డాంగ్' అనేస్తారు. అక్కడ పలకాల్సింది మన 'త', 'టి' ఉన్నచోట 'థ'. ఓనమాలతోనే త, థ దిద్దుకున్న మనకు ఇది నిజంగా వరం.

అపోహ: 'చీ' గ్రాంథికం కాబట్టి, మాట్లాడేటప్పుడు వాడుకలోని 'కె' పెట్టాలి.
వాస్తవం: నుడికారాన్ని విడగొట్టకూడదు. తేలిగ్గా అనాలంటే మొదటి రెండు అక్షరాలే చాలు, ముందు 'చుంగ్' (ఇంకా) చేర్చి: 'చుంగ్ తోంగ్ తా', ఇంకా సత్తా ఉంది అని.

నా దగ్గర నేర్చుకునే వంటమాస్టరు ఒకాయన, తన పక్క పొయ్యి దగ్గర పనిచేసే యాభై దాటిన స్థానికుడితో ఈ మాటే అన్నారట. ఆ స్థానికుడు గరిటె పక్కన పెట్టి, మళ్లీ చెప్పమన్నాడట.