వికలాంగుల చట్టం వెబ్‌సైట్ల దాకా ఎలా వచ్చింది

విజయవాడలో బీసెంట్ రోడ్డు బట్టల కొట్లయినా, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులైనా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ అమ్మొచ్చు. చూపులేనివారు అక్కడ సొంతంగా కొనుక్కోగలగాలని చట్టం చెప్పడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1995 నాటి చట్టంలో ర్యాంపులున్నాయి, శబ్దం చేసే ట్రాఫిక్ సిగ్నళ్లున్నాయి. వెబ్‌సైట్ ఊసు లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికకు భారత్ ఒప్పుకున్నాక కొత్త చట్టం రాయక తప్పలేదు. అదే 2016 చట్టం. దాని 46వ సెక్షన్ ప్రకారం సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా నిబంధనలు వచ్చిన రెండేళ్లలో దారికి రావాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2019లోనే తీరిపోయింది. జరిమానా మొదటిసారి రూ.10,000 దాకా, మళ్లీ తప్పితే రూ.50,000 నుంచి 5 లక్షలు.

మరి ఎవరూ ఎందుకు కదల్లేదు? 15వ నిబంధన వెబ్‌సైట్లకు చూపించిన కొలమానం ప్రభుత్వ సైట్ల కోసం రాసుకున్న మార్గదర్శకాలు. చీరల కొట్టు వాటిని తనవనుకుంటుందా? 2023లో, వెబ్‌సైట్లు వికలాంగులూ వాడుకునేలా ఎలా ఉండాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 17802ను నిబంధనల్లో చేర్చాక ఆ సందు కొంత పూడింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు అసలు లోపం పట్టుకుంది: చట్టం తప్పనిసరి ప్రమాణాలు అడిగితే 15(1) నిబంధన సలహాలతో సరిపెట్టిందంటూ కొట్టేసింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) కిందికి వచ్చే హక్కేనంది. కేవైసీ కోసం కళ్లార్పమంటే యాసిడ్ దాడికి గురైనవారు ఏం చేస్తారన్నది ఆ కేసులో తేలాల్సిన ప్రశ్న.

అమెరికాలో 1990 చట్టంలోనూ వెబ్‌సైట్ మాట లేదు. అక్కడ దావాలే దారి చూపాయి. తన సైట్‌ను చూపులేనివారు వాడలేకపోతున్నారన్న దావాలో రిటైల్ సంస్థ టార్గెట్ 2008లో 60 లక్షల డాలర్లకు రాజీపడింది.

మన సైట్ సంగతి తేల్చుకోవాలంటే మౌస్ పక్కనపెట్టి, ట్యాబ్, ఎంటర్, బాణం మీటలతోనే చీర ఎంపిక నుంచి చెల్లింపు దాకా వెళ్లి చూడాలి. చాలాసార్లు రంగు, సైజు డబ్బాల దగ్గరే బండి ఆగుతుంది. అవి చూడ్డానికి బటన్లే గానీ కోడ్‌లో ఉత్త డివ్‌లు (మామూలు పెట్టెలు), ట్యాబ్ నొక్కితే ఫోకస్ వాటిమీదికి పోదు. తర్వాత ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టి వినాలి. పేరు, పిన్‌కోడ్ గళ్లకు లేబుల్ లేకపోతే అన్నిటినీ ‘ఎడిట్’ అనే చదువుతుంది. తెల్లటి పేజీమీద లేత బూడిదరంగు అక్షరాలూ తప్పే, మామూలు సైజు అక్షరాలకు వెనకరంగుతో కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి.

ఇక తెలుగు ప్రచురణలకు ప్రత్యేకమైన జబ్బు అను ఫాంట్లు. ఆ పీడీఎఫ్‌లో కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ సంకేతాలు. స్క్రీన్ రీడర్ చదివితే ముక్క అర్థం కాదు. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, ఈపబ్ అనే ఈ-పుస్తకం రూపంలో ఇవ్వడమే మందు. పేజీ భాషను కోడ్‌లో ‘te’ (తెలుగు) అని ప్రకటించకపోతే ఆ యూనికోడ్‌నూ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది.

సైట్ కట్టించుకునేటప్పుడు ఐఎస్ 17802 పేరు ఒప్పందంలో రాయించుకోవాలి. నోటీసు వస్తే సమాధానం చెప్పాల్సింది డెవలపర్ కాదు, కొట్టు యజమానే.