వెంగళప్ప ఎవరు?

నెల్లూరు బస్టాండులో "పెంచలయ్యా" అని పిలిస్తే కనీసం ఇద్దరైనా వెనక్కి తిరుగుతారు. పెంచలకోన నరసింహస్వామి పేరు అది. మాలకొండ చుట్టుపక్కల మాలకొండయ్యలు, నర్రవాడ వెంగమాంబ మీద భక్తితో వెంగమ్మలు, వెంగయ్యలు కూడా అంతే. ఊరంతా పంచుకున్న పేరు ఏ ఒక్కరికీ గట్టిగా అంటుకోదు. 'ఎల్లయ్య, పుల్లయ్య' అంటే ఎవరో ఒకరు అనే అర్థం వచ్చింది అందుకే. పనేమిటో వినకుండానే వేమవరం వెళ్లొచ్చిన సామెతలోని పుల్లయ్య ఎవరి కొడుకని అడిగినవారు లేరు.

ఇంగ్లీషులో దీనికి భిన్నమైన కథ ఒకటుంది. 1605లో లండన్‌లో పార్లమెంటును పేల్చే కుట్రలో దొరికిపోయిన గై ఫాక్స్ దిష్టిబొమ్మను ఏటా నవంబరు 5న తగలబెట్టేవారు. ముందు ఆ బొమ్మ 'గై' అయింది, తరువాత చింపిరి బట్టల మనిషి, చివరికి అమెరికాలో ఏ మగవాడైనా. పెద్దగా వినపడని పేరు, తేదీ ఉన్న సంఘటన కాబట్టి జాడ దొరికింది. మరుగుదొడ్డిని 'జాన్' అనడం అలా కాదు. 1596లో నీళ్లతో శుభ్రమయ్యే దొడ్డిని వర్ణించిన జాన్ హారింగ్టన్ వల్లే అని ముచ్చటగా చెబుతారు. కానీ దొడ్డికి మనిషి పేరులాంటి 'జేక్స్' అనే మాట అంతకుముందే ఉంది. వీధివీధినా జాన్‌లున్న దేశంలో ఏ జాన్ అని తేల్చడం?

ఇక మన వెంగళప్ప. ఆ పేరుగల అమాయకుడు ఎప్పుడో ఉండేవాడని అనుకోవడం సులువు. అయితే పాత నిఘంటువుల్లో 'వెంగలి' అనే మాట ఉంది, అర్థం అవివేకి. ముందు తిట్టు పుట్టి, దానికి 'అప్ప' తగిలించి మనిషిని చేశారని నా అనుమానం. ఆ తోకే పట్టిస్తోంది. మా వైపు మగవారి పేర్లు ఎక్కువగా 'అయ్య'తో ముగుస్తాయి. 'అప్ప' అనంతపురం, కన్నడ సరిహద్దు వైపు మెండు. ఇక్కడి మనిషే అయితే వెంగళయ్య కావాలి కదా!

ఎదురువాదమూ ఉంది. వెంగళ అనే పేరు నిజంగానే ఉంది; 1973 నుంచి 1978 వరకు ముఖ్యమంత్రి జలగం వెంగళరావే. పేరూ తిట్టూ వేరువేరుగా పుట్టి, ధ్వని కలవడంతో ఒకదాన్నొకటి ఆనుకొని ఉండవచ్చు. దాతల పేర్లను శాసనాల్లో చెక్కారు గానీ, ఎకసెక్కాలను రాతికెక్కించినవారెవరు?

జ్యేష్ఠమాసంలో నర్రవాడ బ్రహ్మోత్సవాలకు వెళ్లి చంటిబిడ్డకు వెంగయ్య అని పేరు మొక్కుకున్న తల్లే, ఇంటికొచ్చాక పాలు ఒలకబోసిన పెద్దవాణ్ణి "ఒరే వెంగళప్పా" అని కసురుతుంది. ఆ రెండు మాటలూ ఒకలాగే ఉన్నాయని ఆమెకు తట్టదు.