పొయ్యి ఉన్న కుండ

"మామయ్యా, మిన్నియాపోలిస్‌లో రెండేళ్ళు మైనస్ 15లో తిరిగాను, ఏమీ కాలేదు. సియాటిల్ వచ్చాక ప్లస్ 5కే చలి ఎముకలు కొరికేస్తోంది. గాలిలో తేమ వల్లేనా?" అని మా మేనల్లుడు మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక సన్నగా వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. నవంబర్ వస్తే వాడికి శని, ఆదివారాలు ఇంట్లోనే గడిచిపోతున్నాయట. పక్కింటివాళ్ళు మాత్రం చంటిపిల్లల్ని వెంటేసుకుని ఆ వానలోనే అడవిదారుల్లో నడిచి వస్తున్నారట. వాళ్ళకి చలెందుకు వెయ్యదన్నది వాడి అసలు బాధ.

సియాటిల్‌లో ఏడాదంతా కలిపి కురిసే వాన మన విశాఖపట్నం వానకంటే ఎక్కువేమీ ఉండదు. కాకపోతే మనకి కుండపోతగా కురిసి వెలిసిపోతుంది, అక్కడ దాదాపు 150 రోజుల మీద సన్నగా రాలుతుంది. అమెరికా వాళ్ళు దానికి ఏ పేరు పెట్టుకున్నా మన భాషలో అది ముసురు. అయిదు నెలల ముసురు.

వాడు అడిగినట్టు చాలామంది గాలిలోని తేమనే అనుమానిస్తారు. లెక్క వేసి చూద్దాం. 5 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి పూర్తిగా తేమతో నిండినా అందులో ఉండే నీటి ఆవిరి 7 గ్రాములకు మించదు. మే నెలలో విశాఖ బీచ్ గాలిలో 25 గ్రాములు ఉంటుంది. అంటే మనం "తేమ చలి" అనుకునే ఆ గాలి నిజానికి చాలా పొడి గాలి. పైగా అంత కొద్ది ఆవిరి కలిసినందువల్ల గాలి వేడిని ఎక్కువగా లాక్కుపోదు. కాబట్టి దొంగ గాలిలో లేడు. మన చొక్కాలో ఉన్నాడు.

వాణ్ణి పట్టుకోవాలంటే మనింటి మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాలి.

కుండ గోడలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఊరి బయటి గోడను తడుపుతుంది. ఆ తడిలోని నీటి అణువుల్లో బాగా చురుకైనవి గాలిలోకి ఎగిరిపోతాయి. చురుకైనవి పోతే మిగిలినవి మందకొడివి, అంటే చల్లవి. ఒక్క గ్రాము నీరు ఇలా ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌల్స్ వేడిని పట్టుకుపోతుంది. అందుకే మా నానమ్మ కుండ చుట్టూ తడి గోనెసంచి చుట్టి కిటికీ దగ్గర పెట్టేది. తడిసిన మేర పెరిగితే ఆవిరి పెరుగుతుంది, గాలి తగిలితే ఇంకా పెరుగుతుంది. మే నెల హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి వస్తువు 22 డిగ్రీల దాకా చల్లబడగలదు. అదే కుండ విశాఖలో అంత బాగా పనిచెయ్యదు, ఆవిరి పోవడానికి గాలిలో చోటు తక్కువ కాబట్టి. కుండకి పాలిథీన్ కవర్ చుడితే ఎక్కడైనా పని మానేస్తుంది.

బడిలో ఇదంతా "గుప్తోష్ణం" అనే పేరుతో చదువుకున్నాం. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకి 540 కెలోరీలు అని బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాం. క్లాసురూమ్ మూలలోనే మంచినీళ్ళ కుండ ఉండేది. దాని ముందు పిల్లల్ని నిలబెట్టి, తడి గోడ మీద చెయ్యి పెట్టించి, ఆ 540 అంటే ఇదేరా అని ఎవరైనా చెప్పి ఉంటే జీవితంలో మరిచిపోయేవాళ్ళం కాదు. ఆ 540 కూడా మరిగే నీటి లెక్క. ఒంటి మీద ఆరే నీటికి ఇంకొంచెం ఎక్కువ, 580 దాకా అవుతుంది.

తడిసిన కాటన్ చొక్కా తొడుక్కున్న మనిషి అచ్చంగా గోనెసంచి చుట్టిన కుండ. ఎంత గట్టి కుండో తెలుసుకుందామని వంటింటి కాటా తీశాను. ఆరిన కాటన్ టీషర్ట్ 180 గ్రాములు తూగింది. నీళ్ళలో ముంచి గట్టిగా పిండితే 370 వచ్చింది. ఎంత పిండినా 190 గ్రాముల నీరు అందులోనే ఉండిపోయింది. అది పూర్తిగా ఆరడానికి 456 కిలోజౌల్స్ కావాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు, అంటే గంటకి 360 కిలోజౌల్స్. అంటే ఆ ఒక్క టీషర్ట్‌ని ఒంటి మీదే ఆరబెట్టుకోవాలంటే గంటా పావు పాటు మన ఒంట్లో పుట్టే వేడంతా దానికే ధారపొయ్యాలి. తిండి లెక్కలో సుమారు రెండు ఇడ్లీలు. రెండు ఇడ్లీలేగా అనిపిస్తుంది కానీ, ఆ గంటా పావు మిగతా ఒంటిని ఎవరు కాయాలి? అందుకే వణుకు మొదలవుతుంది. వణుకంటే కండరాలు కదలికతో అదనపు వేడి పుట్టించడం.

ఈ లెక్క నా ఒంటికి అనుభవమైంది లంబసింగిలో. చింతపల్లి మండలంలో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. చలికి కొయ్యబారిపోతారనే అర్థంలో దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు. ఒక డిసెంబర్‌లో తెల్లవారుజామున జీన్స్ వేసుకుని, మోకాళ్ళ దాకా ఉన్న గడ్డిలోంచి కొండెక్కాను. పైకి చేరేసరికి మంచుకి జీన్స్ తొడల దాకా తడిసి బరువెక్కింది, లోపల చెమటకి బనియన్ తడిసింది. సూర్యోదయం కోసం బండ మీద కూర్చున్న పది నిమిషాలకే పళ్ళు టకటకలాడాయి. పొగమంచు విడిపోయి లోయంతా మేఘాలతో నిండిన దృశ్యం కళ్ళ ముందే ఉంది. దాన్ని చూసే స్థితిలో నేను లేను.

అప్పుడే నాకు ఒక అనుమానం వచ్చింది. పొగమంచులో గాలి నూటికి నూరు శాతం తేమతో నిండి ఉంటుంది. విశాఖలోనే సరిగ్గా చల్లబడని కుండ ఇక్కడ అసలు చల్లబడకూడదు కదా? నిజమే, కుండ చల్లబడదు. దాన్ని అక్కడ పెడితే నీళ్ళు గాలి ఎంత చల్లగా ఉందో అంతే ఉంటాయి. మరి నా బనియన్‌లోని తడి ఎందుకు ఆవిరైంది?

ఎందుకంటే నేను లోపల పొయ్యి ఉన్న కుండని. ఆవిరి బయటికి పోతుందా లేదా అన్నది తేల్చేది తేమ శాతం కాదు, తడి దగ్గరి ఆవిరి పీడనానికీ (ఆవిరి ఎంత గట్టిగా తోస్తోందన్న కొలత) బయటి గాలిలోని ఆవిరి పీడనానికీ ఉన్న తేడా. 8 డిగ్రీల పొగమంచులో ఆవిరి పీడనం 1.1 కిలోపాస్కల్స్. స్వెట్టర్ కింద 25 డిగ్రీల దగ్గరున్న నా తడి బనియన్ మీద 3.2 కిలోపాస్కల్స్. మూడు రెట్లు! గాలి నిండిపోయినా నా ఒంటి దగ్గరి ఆవిరి బయటికి తోసుకుంటూనే పోతుంది. చలి ఉదయాల్లో చెమట పట్టినవాళ్ళ తల మీంచి పొగలు రావడం చూసే ఉంటారు, అది ఇదే. పొయ్యి ఆరిపోయేదాకా ఈ కుండ ఆగదు. మైనస్ 15లో మా వాడు హాయిగా తిరిగిందీ ఇందుకే: అక్కడ మంచు పొడిపొడిగా రాలుతుంది, కోటు దులుపుకుంటే పోతుంది, గోనెసంచి తడవదు.

తడి రెండో దెబ్బ కూడా కొడుతుంది. బట్టలో వెచ్చదనమంతా పోగుల మధ్య చిక్కుకున్న గాలిదే. నిశ్చలంగా ఉన్న గాలి కంటే నీరు 24 రెట్లు ఎక్కువగా వేడిని ప్రవహింపజేస్తుంది. కాటన్ తడిస్తే పోగులు ఒకదానికొకటి అతుక్కుని, గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. దుప్పటి తీసేసి ఇనపరేకు కప్పుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మాది మహబూబ్‌నగర్ వైపు. చిన్నప్పుడు ముసురు పట్టిన రోజుల్లో కూడా మా ఊరి కురుమ తాత గొర్రెల్ని తోలుకుని పోయేవాడు. నల్ల గొంగడి ఒక మూల మడిచి తల మీదుగా వేసుకునేవాడు. ఒకసారి దగ్గరికి వెళ్ళి చూశాను. గొంగడి నూగు మీద చినుకులు పూసల్లా నిలబడి ఉన్నాయి. భుజం విదిలిస్తే జలజలా రాలాయి. "చెయ్యి లోపల పెట్టు బిడ్డా" అన్నాడు. వెచ్చగా ఉంది.

దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో, పోగుకి చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి అది. ఉన్ని వెంట్రుక పైన కొవ్వు లాంటి పలచని పొర ఉంటుంది, అది చినుకును నిలవనివ్వదు. లోపల కెరాటిన్ అనే ప్రోటీన్, అది నీటి ఆవిరిని ఆత్రంగా పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడి తెలియదు. చినుకును గుమ్మంలోనే ఆపేసి, ఆవిరిని మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టుకుంటుందన్నమాట.

ఆవిరి అలా లోపల కూర్చుంటే ఏమవుతుంది? కుండ వెనక్కి నడుస్తుంది. గ్రాము నీరు ఆవిరయ్యేటప్పుడు పట్టుకుపోయిన ఆ 2.4 కిలోజౌల్స్, ఆవిరి తిరిగి పోగులో ఇమిడిపోయేటప్పుడు వేడిగా వెనక్కి వచ్చేస్తుంది. తేమ 40 శాతం ఉన్న గదిలో ఉన్ని తన బరువులో సుమారు 11 శాతం నీటిని దాచుకుంటుంది, 90 శాతం తేమలో 22 శాతం. రెండు కిలోల గొంగడిని మంట దగ్గర ఆరబెట్టి, ముసురులోకి తీసుకెళ్ళామనుకుందాం. మెల్లగా 220 గ్రాముల ఆవిరిని పీల్చుకుంటుంది, 528 కిలోజౌల్స్ వేడి విడుదల చేస్తుంది. కూర్చున్న మనిషి ఒంట్లో దాదాపు గంటన్నరలో పుట్టే వేడి అది! ఇదంతా ఒంటికే చేరదు, కొంత బయటికీ పోతుంది. కానీ గంటల తరబడి నిదానంగా వస్తుంది కనుక, వెచ్చని ఇంట్లోంచి చల్లని తేమలోకి అడుగు పెట్టినప్పుడు తగిలే ఆ మొదటి దెబ్బను ఉన్ని మెత్తబరుస్తుంది. కాటన్ కూడా ఈ పని చేస్తుంది, బాగా తక్కువగా. పాలియెస్టర్ దాదాపు అసలు చెయ్యదు, కానీ నీటిని పోగులోకి తీసుకోదు కాబట్టి త్వరగా ఆరిపోతుంది. గొంగడిదీ ఒక లోపం ఉంది: జోరువానలో నానిపోతే మోయలేని బరువవుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. అది ముసురుకి పుట్టిన బట్ట.

జోరువానకి పైన రెయిన్‌జాకెట్ కావాలి. పాలిథీన్ చుట్టిన కుండ గుర్తుందా? మామూలు రెయిన్‌కోట్ అదే, వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు. 1969లో బాబ్ గోర్ అనే అమెరికా ఇంజినీరు వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్కసారిగా గుంజితే అది తెగకుండా సాగి, సన్న రంధ్రాలున్న పదార్థంగా మారింది. గోర్‌టెక్స్ జాకెట్లు అందులోంచే వచ్చాయి. నీటిచుక్క దూరలేదు, ఆవిరి దూరుతుంది. అది ఎక్కడ పనిచేస్తుందో చెప్పేది మళ్ళీ ఆవిరి పీడనాల తేడానే. చర్మం దగ్గర 5 కిలోపాస్కల్స్, సియాటిల్ 5 డిగ్రీల గాలిలో 0.9. తేడా నాలుగు పైచిలుకు, చెమట బాగానే పోతుంది. జూలై విశాఖలో బయటే 3.4 ఉంటుంది, తేడా 1.6 మాత్రమే. అందుకే అమెరికా నుంచి ఎంతో ఖరీదు పెట్టి తెచ్చిన జాకెట్ మన వానాకాలంలో ఉడకబెడుతుంది. తప్పు జాకెట్‌ది కాదు.

వీటన్నిటికంటే మా వాడికి ముఖ్యంగా చెప్పింది చెమట గురించి. కొండెక్కే మనిషి ఒంట్లో 500 వాట్ల దాకా వేడి పుడుతుంది, కూర్చోగానే అది 100కి పడిపోతుంది. ఎక్కేటప్పుడు తడిసిన బనియన్ కూర్చున్నాక పగ తీర్చుకుంటుంది. కాబట్టి గుమ్మం దాటేటప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి, అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. ఒళ్ళు వేడెక్కుతోందనగానే, చెమట పట్టకముందే ఒక పొర విప్పెయ్యాలి. జీన్స్ ఇంట్లోనే వదిలెయ్యాలి. ఒంటికి తగిలే పొర పలచని ఉన్నిదో పాలియెస్టర్‌దో అయి ఉండాలి. సంచిలో పాలిథీన్ కవర్లో చుట్టిన పొడి బనియన్, పొడి మేజోళ్ళు తప్పకుండా ఉండాలి, ఆగిన మరుక్షణం మార్చుకోవాలి. గాలి లేని ముసురులో గొడుగు ఎంత మంచిదో చాలామంది మరిచిపోతారు. దాని కింద ఒంటికి ఏ అడ్డూ ఉండదు, చెమట దానంతటదే పోతుంది.

"ఒక పెగ్గు వేస్తే చలి పారిపోతుంది" అనే మాట లంబసింగిలో టెంట్ల దగ్గరా విన్నాను, వాడి స్నేహితులూ అంటారట. చాలా ప్రమాదకరమైన నమ్మకం. మద్యం చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, లోపలి వెచ్చని రక్తం పైకి వస్తుంది. చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఆ వేడి బయటికి పోతోంది. పొయ్యిలోని నిప్పుల్ని తీసి కుండ బయట పోసినట్టు. తడిసినవాళ్ళు మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా, వణికి వణికి ఉన్నట్టుండి వణుకు ఆగిపోయినా అది తేరుకోవడం కాదు, ఒంటి లోపలి వేడి పడిపోతోందని గుర్తు. వెంటనే తడి బట్టలు విప్పి, పొడివి కప్పి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇది జరగడానికి సున్నా డిగ్రీలు అక్కర్లేదు, 8 డిగ్రీల ముసురు చాలు.

పోయిన ఆదివారం వాడు పలచని మెరినో ఉన్ని బనియన్ వేసుకుని డిస్కవరీ పార్క్‌లో రెండు గంటలు నడిచాడు. సముద్రం ఒడ్డున ఆగి, బనియన్ మార్చుకుని, ఫ్లాస్క్‌లోని టీ తాగి ఫొటో పంపాడు. టోపీ మీద చినుకులు పూసల్లా నిలబడి ఉన్నాయి.

సంక్రాంతికి ఇండియా వస్తున్నాడు. లంబసింగికి వెళ్దామన్నాడు. ఊరి నుంచి ఒక గొంగడి తెప్పించి పెట్టాను. రాత్రి మంట దగ్గర బాగా ఆరబెట్టి తూచి, తెల్లవారుజామున పొగమంచులో కప్పుకుని తిరిగొచ్చాక మళ్ళీ తూస్తాం. కాగితం మీద నా లెక్క 220 గ్రాములు. కాటా ఎంత చూపిస్తుందో చూడాలి.