ముడతల సూది: సీసాలో ఏముంది, సిరంజి ఎవరి చేతిలో ఉంది

హనుమకొండలో నక్కలగుట్ట నుంచి బాలసముద్రం దాకా నడిస్తే చర్మం, జుట్టు, అందం అని రాసి ఉన్న బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ముడతలు పోగొట్టే బొటాక్స్ ఇంజెక్షన్ ఒకప్పుడు సినిమా తారల సంగతి. ఇప్పుడు కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లులు అడుగుతున్నారు, బ్యాంకు ఉద్యోగులు అడుగుతున్నారు, నొసటి గీతలు చూసి బెంగపడే మగవాళ్లూ గొంతు తగ్గించి అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. అందం మీద మోజును వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. నా పేచీ ఒక్కటే: ‘ఎంత అవుతుంది’ అని అడిగే నోటితోనే ‘ఏ మందు, ఎన్ని యూనిట్లు, ఎవరు వేస్తారు’ అని అడిగేవాళ్లు తక్కువ.

బొటాక్స్ అన్నది ఒక కంపెనీ పెట్టిన పేరు. జిరాక్సుల విషయంలో జరిగినట్టే ఆ పేరు మొత్తం జాతికే అంటుకుపోయింది. అసలు మందు బొటులినమ్ టాక్సిన్. క్లాస్ట్రీడియమ్ బొటులినమ్ అనే బాక్టీరియా తయారుచేసే విషమిది. మనిషికి తెలిసిన విషాలలో ఇంతకన్నా తీవ్రమైనది లేదంటారు. గాలి తగలని చోట, సరిగా నిల్వ చేయని మాంసంలో, డబ్బా ఆహారంలో ఈ బాక్టీరియా పెరుగుతుంది. జర్మనీ వైద్యుడు యుస్టినస్ కెర్నర్ 1820 ప్రాంతంలో చెడిపోయిన సాసేజీలు తిని చచ్చుబడిన రోగులను గమనించి, ఆ విషాన్ని తన మీదే కొద్దికొద్దిగా ప్రయోగించుకుని చూశాడు. అతిగా కదిలే కండరాలను శాంతపరచడానికి ఇదే విషం ఎప్పటికైనా మందుగా పనికొస్తుందని ఊహించింది కూడా ఆయనే. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియల విందులో పంది మాంసం తిన్నవాళ్లు జబ్బుపడితే, వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోనే బాక్టీరియాను పట్టుకున్నాడు.

కెర్నర్ ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి ఈ విషాన్ని చిటికెడు కన్నా కోట్ల రెట్లు తక్కువ మోతాదులో వాడాడు. 1989లో మెల్లకన్నుకూ, ఆగకుండా కొట్టుకునే కనురెప్పలకూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ముడతల కథ మొదలైంది కెనడాలోని వాంకూవర్‌లో. జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరు 1987లో రెప్పల జబ్బుకు సూది వేస్తుంటే, కనుబొమల మధ్య కోపపు గీతలు కూడా మాయమవుతున్నాయని తేలింది. ఆమె భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు కావడం కలిసొచ్చింది. 1992లో ఇద్దరూ కలిసి ఆ సంగతి ప్రచురించారు. పదేళ్లకు, 2002లో, కనుబొమల మధ్య గీతలకు అధికారిక అనుమతి వచ్చింది. కంటి చివరి గీతలకు 2013లో, నుదుటి అడ్డగీతలకు 2017లో అనుమతించారు. అంటే మనం ఆలోచిస్తున్నది నిన్న పుట్టిన మందు గురించి కాదు. కండరాలు బిగుసుకుపోయే పిల్లలకు, దీర్ఘకాలిక మైగ్రేన్‌కు, చంకల్లో విపరీతంగా పట్టే చెమటకు కూడా దీన్ని వాడుతున్నారు.

ఇది చేసే పని చాలా చిన్నది. కండరం ముడుచుకోవాలంటే నరం కొసన ఉన్న సన్నని సంచుల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి రావాలి. ఆ సంచి నరం గోడకు అతుక్కుని తెరుచుకోవడానికి కొన్ని ప్రోటీన్లు సాయపడతాయి. ఈ విషం నరంలోకి చొరబడి వాటిలో ఒకదాన్ని తెంపేస్తుంది. సంచి తెరుచుకోదు, సందేశం అందదు, కండరం ఊరుకుంటుంది. చర్మానికి ఇది చేసేదేమీ లేదు. చర్మాన్ని నింపదు, బిగించదు, తెల్లబరచదు. అడుగున లాగే కండరం ఆగిపోయింది కాబట్టి పైన గీత పడదు, అంతే. ప్రభావం రెండు మూడు రోజుల్లో మొదలై రెండు వారాలకు పూర్తిగా కనిపిస్తుంది. తర్వాత నరం మెల్లగా కోలుకుంటుంది. మూడు నాలుగు నెలలకు కండరం మళ్లీ పనిలోకి దిగుతుంది, గీతలూ తిరిగొస్తాయి. ‘శాశ్వత పరిష్కారం’ అని ఎవరైనా అంటే ఆ మాటతోనే లేచి వచ్చేయవచ్చు.

అందుకే ఏ ముడతకు ఈ సూది, ఏ ముడతకు కాదు అన్నది ముందే తేల్చుకోవాలి. అద్దం ముందు కోపంగా చూడండి, కళ్లు పెద్దవి చేయండి, నవ్వండి. అప్పుడు మాత్రమే కనబడి, ముఖం మామూలుగా పెట్టగానే పోయే గీతలకు ఇది బాగా పనిచేస్తుంది. ముఖం ప్రశాంతంగా ఉన్నా కనబడే గీతలు వేరు. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టుచీర లాగా, విప్పినా ఆ మడత చర్మంలో ఉండిపోయింది. వాటిని ఈ సూది కొంత మెత్తబరుస్తుందే గానీ పూర్తిగా చెరిపేయలేదు. ఇక ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతలకు, జారిన బుగ్గలకు ఇది అసలు మందే కాదు. అక్కడ సాధారణంగా చెప్పేది ఫిల్లర్. అది హైలురానిక్ ఆమ్లపు జెల్లీ, ఖాళీని నింపుతుంది. దాని ప్రమాదం కూడా వేరు. పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్లవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. రెండూ సూదులే కదా అని ఒకే గాటన కట్టి ‘ప్యాకేజీ’ అమ్మేవాళ్ల దగ్గర కాస్త ఆగండి.

మన వైపు ముఖాలకు ఇంకో సంగతి ఉంది. రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా ఉన్న చర్మానికి ముడతలు ఆలస్యంగా వస్తాయి, మచ్చలు మాత్రం త్వరగా వస్తాయి. చాలామంది ‘ముసలితనం కనబడుతోంది’ అని చెప్పుకునేది నిజానికి మంగు మచ్చలూ, రంగు తేడాలూ. వాటికి బొటాక్స్ వేయించుకుంటే డబ్బు పోతుంది, మచ్చ ఉంటుంది. ముడతలకైనా మచ్చలకైనా పెద్ద కారణం ఎండ. ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపిన ఒక అమెరికా డ్రైవర్ ఫోటో 2012లో వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలతో నిండిపోయింది, కుడి చెంప అంత చెడలేదు. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఆపలేదు మరి. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఆ నష్టం కుడి చెంపకు. రామగుండం, జగిత్యాల ఎండల్లో తిరిగేవాళ్లు మూడు నెలలకోసారి సూదికి డబ్బు దాచే ముందు రోజూ సన్‌స్క్రీన్, టోపీ, వైద్యుడు రాసిచ్చే రెటినాయిడ్ క్రీమ్ గురించి ఆలోచించడం లెక్కల్లో కూడా లాభమే.

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేదీ, భయపెట్టేదీ ఇదే.

వంద యూనిట్ల బొటాక్స్ సీసాను వెలుతురులో పట్టుకుని చూస్తే ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది. అడుగున పలుచని పొర ఒకటి మసకగా ఉంటుంది. ఆ పొర కూడా విషం కాదు, ఉప్పూ అల్బుమిన్ అనే ప్రోటీనూ. అసలు టాక్సిన్ సుమారు 5 నానోగ్రాములు, అంటే గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఐదు. అల్బుమిన్ దానికి లక్ష రెట్లు. ఇంత సూక్ష్మమైన వస్తువును తూచలేరు కాబట్టి బలాన్ని యూనిట్లలో చెబుతారు. ఒక గుంపు ఎలుకల్లో సగాన్ని చంపే మోతాదు ఒక యూనిట్ అన్నది తొలి లెక్క. ఒక కంపెనీ యూనిట్ మరో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు. కనుబొమల మధ్యకు బొటాక్స్ అయితే 20 యూనిట్లు, డిస్‌పోర్ట్ అనే మరో కంపెనీ మందు అయితే 50 యూనిట్లు అని వాటితో వచ్చే కాగితాల్లోనే ఉంటుంది. ‘అక్కడ ఇరవై, ఇక్కడ యాభై, ఇక్కడే ఎక్కువ ఇస్తున్నారు’ అని సంబరపడితే మోసపోయినట్టే.

ఈ పొడిని ఉప్పునీటిలో, అంటే మందులేని సెలైన్‌లో కలపాలి. కంపెనీ చెప్పేది వంద యూనిట్లకు 2.5 మిల్లీలీటర్లు. అప్పుడు 0.1 మిల్లీలీటరుకు నాలుగు యూనిట్లు వస్తాయి. కనుబొమల మధ్య ఐదు చోట్ల ఒక్కో చోట అంతే వేస్తారు, మొత్తం ఇరవై. నైపుణ్యం ఉన్న వైద్యులు కావాలనే సెలైన్ ఎక్కువో తక్కువో కలుపుతారు, అందులో తప్పులేదు. ఎంత కలిపారో చెప్పకుండా సిరంజి గీతల లెక్కన డబ్బు తీసుకుంటే మాత్రం తప్పు. ఐదు మిల్లీలీటర్లు పోస్తే అదే సిరంజిలో మందు సగమే. నెలన్నరకే గీతలు తిరిగొచ్చి ‘మీ ఒంటికి పడలేదు’ అన్న మాట వినాల్సి వస్తుంది. అందుకే ధర యూనిట్ లెక్కన చెప్పించుకోండి, ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాయించుకోండి. సీసా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోనులో ఫోటో తీసుకోండి. కొత్త సీసాను మీ ఎదుటే తెరవమనండి. లోపల శూన్యం ఉంటుంది కాబట్టి సూది గుచ్చగానే సెలైన్ తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. అలా లాగకపోతే ఆ సీసా పారేయాలి, ఇది కంపెనీ చెప్పిన నియమమే. ఇంత చిన్న దృశ్యం చూడటానికి వైద్య పట్టా అక్కర్లేదు.

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 150 కిలోమీటర్లు, మే నెలలో 44 డిగ్రీల ఎండ. మంచుపెట్టెలో వచ్చిన మందు వేరు, బస్సు పార్సిల్‌లో డబ్బాలో పడి వచ్చిన మందు వేరు. వేడికి ప్రోటీన్ చెడుతుంది, సీసా చూడటానికి మాత్రం ఏమీ తేడా ఉండదు. కలిపిన తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడాలని బొటాక్స్ కాగితంలో ఉంది. కొందరు వైద్యులు ఇంకొన్ని రోజులు దాచి వాడతారు. ఎప్పుడు కలిపారని అడిగితే చిరాకుపడే క్లినిక్ మీకు ఒక సమాధానం ఇచ్చినట్టే.

నకిలీల సంగతి ఊహ కాదు. 2024 ఏప్రిల్‌లో అమెరికా రోగ నియంత్రణ కేంద్రం 11 రాష్ట్రాల్లో 22 మందికి ఇలాంటి సూదుల తర్వాత జబ్బు చేసిందని చెప్పింది. ఇళ్లలో, స్పాలలో, అర్హత లేనివాళ్ల చేతుల్లో, నకిలీ సరుకుతో వేయించుకున్నవాళ్లు అందులో ఉన్నారు. సగం మంది ఆసుపత్రి పాలయ్యారు. పండగ ఆఫర్ కింద సగం ధరకు సూది వేస్తామనే బ్యూటీ పార్లర్, ఏ మందైనా వేసే వీధి చివరి ఆర్‌ఎంపీ, రెండు రోజుల శిక్షణ సర్టిఫికెట్ గోడకు తగిలించిన ‘కాస్మెటాలజిస్ట్’: ఈ ముగ్గురి దగ్గరా నేను వేయించుకోను, మీకూ వద్దంటాను. చర్మవ్యాధుల్లో ఎం.డి. లేదా డిప్లొమా చదివినవారు, ప్లాస్టిక్ సర్జన్లు ఈ పని నేర్చుకుని ఉంటారు. కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్న ఊరు మనది, అలాంటివారికి కరువు లేదు. వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద, చీటీ మీద ఉండాలి. ఆ పేరు జాతీయ రిజిస్టరులో ఉందో లేదో ఇంట్లో కూర్చుని ఫోనులో చూడవచ్చు.

మంచి వైద్యుడి గుర్తు ఇంకొకటి చెబుతాను: సూది వేయడానికి ముందు మీ కనుబొమల కదలిక చూస్తారు. నుదుటి కండరం ఒక్కటే కనుబొమలను పైకెత్తుతుంది. రెప్పలు బరువై, వయసుతో జారినవాళ్లు తెలియకుండానే ఆ కండరంతో కనుబొమలు ఎత్తి చూస్తుంటారు. దాన్ని ఆపేస్తే అడ్డగీతలు పోతాయి, కనుబొమలు కళ్ల మీద కూర్చుంటాయి. ‘మీకు నుదుటికి వద్దు’ అని చెప్పి తిప్పి పంపే డాక్టరు ఆదాయం వదులుకుంటున్నాడు, ఆయన్ను గుర్తుపెట్టుకోండి.

మయస్థీనియా గ్రేవిస్ లాంటి నరాల కండరాల జబ్బులున్నవాళ్లు, సూది వేసే చోట కురుపో ఇన్‌ఫెక్షనో ఉన్నవాళ్లు వేయించుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడమే మేలు. ఆవుపాల ప్రోటీన్ పడనివాళ్లకు డిస్‌పోర్ట్ నిషిద్ధం. జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతుంటే చెప్పాలి, అది ఈ విషం ప్రభావాన్ని పెంచుతుంది. ఆస్పిరిన్, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే కమిలిన మచ్చలు ఎక్కువ పడతాయి. అయితే గుండె జబ్బుకు రాసిచ్చిన మాత్రను ముడత కోసం సొంతంగా ఆపడం మాత్రం వద్దు.

పెళ్లి కోసమైతే ముహూర్తానికి కనీసం నెల ముందు వేయించుకోండి. పూర్తి ఫలితానికి రెండు వారాలు, ఏదైనా సరిదిద్దాలంటే ఇంకో రెండు. మొదటిసారి వేయించుకునేవాళ్లు పెళ్లికి ముందు వారంలో ఈ పని అసలే పెట్టుకోవద్దు, కమిలిన మచ్చ మేకప్ కిందా కనబడుతుంది. వేయించుకున్న రోజున ఆ చోట రుద్దకూడదు. తలంటు, ఫేషియల్, నుదుటిని నొక్కే హెల్మెట్, బొట్టు గట్టిగా అదిమి పెట్టుకోవడం ఆ పూటకు మానాలి. నాలుగు గంటలు పడుకోవద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. దానికి గట్టి రుజువులు లేవు గానీ పాటిస్తే పోయేదేమీ లేదు. తర్వాతి సూది మూడు నెలల లోపు వద్దు. తరచుగా, ఎక్కువ మోతాదులో వేయించుకుంటే శరీరం దీనికి ప్రతిరక్షకాలు తయారుచేసి మందునే పనికిరాకుండా చేసే అవకాశం ఉంది.

కొద్దిపాటి తలనొప్పి, సూది పడ్డచోట ఎరుపు, వాపు మామూలే. కొద్దిమందికి ఒక రెప్ప వాలుతుంది. భయం వేసినా అది శాశ్వతం కాదు, వారాల్లో కోలుకుంటుంది, ఈలోగా రెప్పను కొంచెం ఎత్తే చుక్కల మందు ఉంది. మింగడం కష్టం కావడం, మాట ముద్దగా రావడం, చూపు రెండుగా కనబడటం, ఊపిరి బరువెక్కడం మాత్రం వేరు. విషం దూరానికి పాకినప్పుడు కనబడే లక్షణాలివి. గంటల్లో రావచ్చు, వారాల తర్వాతా రావచ్చు. అప్పుడు సూది వేసిన క్లినిక్‌కు ఫోన్ చేసి రేపటికి అపాయింట్‌మెంట్ అడగకుండా, అదే గంటలో ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మందు వేయించుకున్నదీ అక్కడ దాచకుండా చెప్పాలి. దీనికి విరుగుడు సీరమ్ ఉంది గానీ అది రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకుంటుంది, నరంలోకి అప్పటికే చొరబడినదాన్ని వెనక్కి తీయలేదు. బ్యాచ్ నంబరు ఫోటో మీ ఫోనులో ఉంటే డ్యూటీ డాక్టరుకు సగం వెతుకులాట తప్పుతుంది.