లావు తీగ ఎందుకు వద్దన్నానంటే

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతి సెలవులు ముగించుకొని మీరు వెళ్లిపోయిన సాయంత్రం బస్టాండు నుంచి తిరిగివచ్చేసరికి, మనం ముగ్గురం విప్పి వరండాలో గోనెపట్టా మీద పరచిన మోటారు సైకిలు సామాను అలాగే ఉంది. అందులో రెండు ముక్కలైన ఆ స్ప్రింగును చేతిలోకి తీసుకోగానే, ఆటో ఎక్కుతూ చిన్నా అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. "సన్నగా ఉందనే కదా తాతయ్యా విరిగింది, ఈసారి లావు తీగతో చేసేస్తే సరిపోదా?" అన్నాడు. ఆటో కదులుతూ ఉంటే "వద్దురా" అని మాత్రం అనగలిగాను. ఎందుకు వద్దో ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. ఆ ప్రశ్న అడిగినందుకు చిన్నా సిగ్గుపడవలసినది ఏమీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద జీవితం గడిపిన నేను కూడా కొత్తలో అలాగే అనుకొన్నాను, అనుకోవటమే కాదు, చేసి చెడగొట్టాను కూడా.

ముందుగా ఆ స్ప్రింగు చేసే పని చెబుతాను. గేరు లివరును కాలితో నొక్కి వదిలితే లోపల గేరు మారుతుంది, లివరు మాత్రం తిరిగి మధ్యకు వచ్చి తరువాతి గేరు కోసం సిద్ధంగా నిలబడుతుంది. దానిని మధ్యకు తెచ్చేది ఈ స్ప్రింగే. ఇది పెన్నులో ఉండే స్ప్రింగులాగా నిలువునా అణిగేది కాదు. గేరు షాఫ్టు (లివరుతో పాటు తిరిగే ఇరుసు) చుట్టూ మూడు చుట్లు తిరిగి, రెండు కాళ్లనూ ఒకే వైపు చాచి, కేసింగులో (ఇంజను పైతొడుగులో) బిగించిన ఒక పిన్నును ఆ రెండు కాళ్ల నడుమ పట్టుకొని కూర్చుంటుంది. షాఫ్టుతో పాటు తిరిగే చిన్న నాలుక ఒకటి, లివరు నొక్కితే ఒక కాలిని, ఎత్తితే రెండో కాలిని పక్కకు నెడుతుంది. మీరు పాదం తీయగానే ఆ కాలు పిన్ను దగ్గరకు తిరిగి వచ్చేస్తుంది. మన బండిలో ఒక కాలు, చుట్టును వదిలి బయటికి మళ్లే చోట సరిగ్గా, విరిగిపోయింది. అందుకే ఆనాడు లివరు కిందికి పోయి అక్కడే వేలాడింది, బుజ్జి దానిని చేత్తో పైకి ఎత్తవలసి వచ్చింది.

ఇక లావు సంగతి. ఈ విషయంలో నేను చదువుకొన్న పాఠ్యపుస్తకం చింతబరికె.

నేను మూడో తరగతి చదివిన బడిలో బరికెలు కోసుకువచ్చే బాధ్యత పిల్లలదే. ఎవరి మీద పడబోయే బరికెను వారే తెచ్చుకోవటమన్నమాట. మాలో తెలివైనవాళ్లు సన్నని పచ్చి బరికె ఎన్నడూ తెచ్చేవారు కారు. అది ఎన్ని దెబ్బలకైనా విల్లులా వంగి మళ్లీ నిటారుగా నిలిచేది. వాళ్లు బొటనవేలంత లావైనది తెచ్చేవారు. చూడటానికి భయంకరంగా ఉండేది గాని, బల్ల అంచుకు రెండుసార్లు తగిలేసరికి ఫట్‌మని విరిగేది. కొందరు జానెడు పొట్టిది తెచ్చేవారు. అదీ వంగలేక విరిగేదే. అందరికన్నా ఘనుడు మా పక్కింటి అబ్బాయి. వాడు సన్నదే తెచ్చి, మధ్యలో ఎవరికీ కనపడకుండా బ్లేడుతో వెంట్రుకవాసి గాటు పెట్టేవాడు. మాస్టారికి ఈ విద్య తెలియనిది కాదు. బరికె అందుకోగానే మొదలు నుంచి కొస దాకా బొటనవేలితో మెల్లగా తడిమేవారు. గాటు తగిలిందా, మొదటి దెబ్బ ఎవరికో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పటికీ స్ప్రింగు తీగ కొనేటప్పుడు నేను దాని పొడవునా గోరు పెట్టి లాగి చూస్తాను; మాస్టారి నుంచి నేర్చిన పరీక్ష అది.

లావు బరికె ఎందుకు విరిగేది? ఏ పుల్లను వంచినా బయటివైపు పైపొర సాగుతుంది, లోపలివైపు పొర ముడుచుకొంటుంది, నడిమి భాగానికి దాదాపు ఏమీ కాదు. పుల్ల లావైనకొద్దీ పైపొర నడిమికి దూరమవుతుంది, దూరమైనకొద్దీ ఎక్కువ సాగవలసి వస్తుంది. ఒకే వంపుకు సన్న బరికె పైపొర కొద్దిగా సాగి ఊరుకొంటే, లావు బరికె పైపొర తన శక్తికి మించి సాగి చిట్లుతుంది. మన స్ప్రింగు దగ్గర అసలు మెలిక ఏమిటంటే, ఎంత వంగాలన్నది దాని చేతిలో లేదు. నేను కొలిచి చూస్తే గేరు పూర్తిగా పడటానికి షాఫ్టు 25 డిగ్రీలు తిరుగుతున్నది; తీగ సన్నదైనా లావుదైనా ఆ 25 డిగ్రీలూ వంగి తీరాలి. ఇంటి దూలం వంగకూడదు కనుక దానికి లావు మేలు. వంగటమే ఉద్యోగమైన వాటి సంగతి వేరు.

లెక్క కూడా చూడండి. పాత తీగ మందం 2.5 మిల్లీమీటర్లు. దానిని 3 చేశామనుకొంటే మందం 1.2 రెట్లయింది. స్ప్రింగు బిగువు మందాన్ని నాలుగుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది, 1.2ను నాలుగుసార్లు వేసి గుణించండి, 2.07 వస్తుంది. అంటే కాలికి రెట్టింపు బరువు, అయినా తీగ పైపొర మీద పడే శ్రమ తగ్గకపోగా ఐదో వంతు పెరుగుతుంది. పిన్ను మీద పడే ఒత్తిడి కూడా రెట్టింపే. నా కొత్తరోజుల్లో ఒకాయన బండికి నేను చేసిన ఘనకార్యం సరిగ్గా ఇదే. "ఇక జన్మలో విరగదు" అని మాట కూడా ఇచ్చాను. మూడో నెల తిరగకముందే ఆయన బండిని తోసుకుంటూ వచ్చారు. స్ప్రింగు విరిగింది, దానితో పాటు పిన్ను వంగి, అల్యూమినియం కేసింగులో దాని రంధ్రం వదులయింది. స్ప్రింగు ఖరీదు కొద్దిపాటి రూపాయలు, కేసింగు ఖరీదు నా నెల జీతం. ఎదురుతిరిగి నిలబడేదే బలమైనది అనుకోవటం ఆ వయసులో సహజమే గాని, ఒద్దికగా వంగి, మళ్లీ తన చోటికి వచ్చేదాని బలం గుర్తించటానికి నాకు అంత జరిమానా పడింది. (ఇది చదువుతూ మీ అమ్మమ్మ "నీతులు మొదలయ్యాయి" అన్నది. ఆపేస్తున్నాను.)

మరి విరగకుండా చేయటం ఎలా? పొట్టి బరికెను గుర్తు చేసుకోండి. బరికె పొడవైతే అదే వంపును పొడవునా పంచుకొంటుంది, శ్రమంతా ఏ ఒక్క చోటి మీదా పడదు. స్ప్రింగు అంటే చిన్న చోటులో ఇమిడేటట్లు చుట్టచుట్టిన పొడవాటి బరికె, అంతే. పాతదానిలో చుట్టు మధ్య కొలత, అంటే అడ్డంగా ఒక పక్క తీగ నడిమి నుంచి ఎదుటి పక్క తీగ నడిమి దాకా, 20 మిల్లీమీటర్లు, చుట్లు మూడు. విప్పి సాగదీస్తే సుమారు 188 మిల్లీమీటర్ల తీగ. ఇంకొక చుట్టు కలపాలంటే చోటు ఉండాలి కదా. మూడు చుట్ల స్ప్రింగు మూడు తీగల మందమే ఆక్రమిస్తుందని పొరబడకండి. రెండు కాళ్లూ చెరొక అంచు నుంచి బయలుదేరుతాయి కనుక నాలుగు తీగల మందం, అంటే 10 మిల్లీమీటర్లు పడుతుంది. సన్న కొలతలు తీసే వెర్నియర్ పెట్టి చూస్తే లోపల 14 మిల్లీమీటర్ల చోటు ఉన్నది. నాలుగు చుట్లు 2.6 తీగతో చుడితే 13 అవుతుంది, కొంచెం ఊపిరాడే సందు మిగులుతుంది.

ఇంతలో మరొక సంగతి బయటపడింది. స్ప్రింగు తొడిగి ఉండే గొట్టంలాంటి బుష్షును గుడ్డతో తుడిచి దీపం దగ్గర పెడితే, ఒక పక్కన గోరంత మేర అద్దంలా మెరుస్తున్నది. అక్కడ ఏదో రాసుకొన్నదన్నమాట. బుష్షు కొలత 17.2 మిల్లీమీటర్లు, పాత స్ప్రింగు లోపలి కొలత 17.5. చాలినంత సందు ఉన్నదనుకొంటాం. కాని మన స్ప్రింగు తిరిగేది చుట్టు బిగిసే వైపు. మూడు చుట్ల తీగ 25 డిగ్రీలు అదనంగా చుట్టుకొంటే ఆ తీగే మూడు చుట్ల పైచిలుకుకు సరిపోవాలి, అందుకని ప్రతి చుట్టూ చిన్నదవుతుంది. లెక్కవేస్తే 0.45 మిల్లీమీటర్లు తగ్గి లోపలి కొలత 17.05కు దిగింది. 17.2 బుష్షు మీద 17.05 ఎలా పడుతుంది? చుట్లు బుష్షును కరచుకొని కదలకుండా ఉండిపోతాయి, మిగిలిన వంపంతా కాలు మలుపు తిరిగే ఆ ఒక్క చోటే భరించాలి. పొడవాటి బరికెను మధ్యలో పిడికిలితో బిగించి పట్టుకొని కొస మాత్రం వంచినట్లు. విరిగింది కూడా ఆ మలుపులోనే. పాపం తీగ సన్నదనానికి ఇందులో ఏ దోషమూ లేదు.

అందుచేత కొత్తదానికి చుట్టు మధ్య కొలతను 21కి పెంచాను, తీగను 2.6 చేశాను, చుట్లు నాలుగు. తీగ పొడవు 188 నుంచి 264కు పెరిగింది. పైపొర మీద శ్రమ నాలుగో వంతు తగ్గుతుంది. బిగువు కూడా ఆరో వంతు తగ్గుతుంది. అంతమాత్రానికి లివరు సోమరిగా మారదు. బిగువు లెక్క నమ్మదగినదేనా అని ముందుగా పాత సామానుతోనే పరీక్షించుకొన్నాను. మరో పాత స్ప్రింగును వైసులో బిగించి, దాని కాలికి ముందు అర లీటరు నీళ్ల సీసా, తరువాత లీటరు సీసా వేలాడదీసి, కాలు ఎంత దిగిందో గీతలు పెట్టుకొన్నాను. బరువు రెట్టింపయితే దిగటమూ రెట్టింపే. ఈ సంగతి కనిపెట్టిన రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు పెద్దమనిషి, దానిని వేరెవరూ ఎగరేసుకుపోకూడదని 1676లో అక్షరాలు కలగాపులగం చేసి పొడుపుకథలా అచ్చువేయించి, 1678లో గాని విప్పి చెప్పలేదు. నీళ్ల సీసా ఉంటే మీరు అరగంటలో తెలుసుకోగల రహస్యం అది.

"ఇంకా గట్టి ఉక్కుతో చేస్తే?" అని బుజ్జి తప్పక అడుగుతుంది. చిత్రమేమిటంటే, మామూలు మేకు ఉక్కయినా, పియానోలకు వాడే ఖరీదైన తీగయినా కొద్దిపాటి వంపుకు చూపే బిగువు దాదాపు ఒక్కటే. తేడా అంతా ఎంత దూరం వరకు వంచితే తిరిగి తన ఆకారానికి రాగలదన్న దానిలో ఉంది. మేకు వంగి అలాగే ఉండిపోతుంది, పియానో తీగ ఎగిరి లేస్తుంది. నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం ఉక్కును వెతుక్కొంటూ ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారంటే అది గట్టిదైనందుకు ఒక్కటే కాదు. ఆ ఉక్కును కరిగించిన మట్టి మూసల దగ్గర పనిచేసినవారి ఓపిక గురించి మరో ఉత్తరం రాయాలి. నేను వాడింది పియానో తీగే.

చుట్టటం ఒక తమాషా. లేత్ మీద 18 మిల్లీమీటర్ల కడ్డీకి చుట్టి వదిలాను. తీగ ఊరుకొంటుందా, బుస్సుమని విప్పుకొని లోపలి కొలత 20కి దగ్గరగా వచ్చి కూర్చున్నది. కడ్డీని 16.5కు తరిగి మళ్లీ చుడితే కావలసిన 18.4 వచ్చింది. 25 డిగ్రీలు బిగిసినా అది 18కి దిగదు, బుష్షును తాకదు. కాళ్ల మలుపును పట్టకారుతో కొక్కెంలా విరవకుండా, సన్నని గుండ్రటి పుల్ల చుట్టూ వెడల్పుగా తిప్పాను. పట్టకారు పళ్ల గాటు కూడా బ్లేడు గాటే. తరువాత మీ అమ్మమ్మ కేకులు చేసే ఓవెన్‌ను 250 డిగ్రీల దగ్గర అరగంట అరువు తీసుకొన్నాను. చుట్టేటప్పుడు తీగలో మిగిలిపోయిన లాగుడు ఆ వేడికి నెమ్మదిస్తుంది. బయటికి తీసేసరికి తేనెరంగు తిరిగింది. ఓవెన్‌లో నూనె వాసన ఇంకా పోలేదు, ఆ విషయం మీరు ఫోనులో ఎత్తకండి.

విరిగిన ముక్కను ఈ కవరులోనే కాగితంలో చుట్టి పంపుతున్నాను. భూతద్దంతో దాని విరిగిన ముఖం చూడండి. ఒక అంచు నుంచి నున్నగా, అర్ధచంద్రాల వరసలు కనిపిస్తాయి. మిగిలిన భాగం గరుకుగా, చక్కెర పలుకుల్లా ఉంటుంది. గరుకు భాగం ఆనాడు మీ కళ్ల ముందు ఒక్క క్షణంలో తెగింది. నున్నటి భాగం మాత్రం ఎప్పటి నుంచో, వేలసార్లు గేరు మారుతూ ఉండగా కొద్దికొద్దిగా చీలుతూ వచ్చింది. ఒక్కసారికి తెగని శ్రమ పదేపదే పడితే ఇనుము తెగుతుందని 19వ శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులను ఏళ్ల తరబడి పరీక్షించి నిరూపించాడు. శ్రమను ఒక హద్దుకు దించితే ఉక్కు ఎన్నిసార్లు వంగినా తెగదని కూడా ఆయనే చూపించాడు. నాలుగో వంతు తగ్గింపు కోసం నేను అంత పాటుపడింది ఆ హద్దు కోసమే. ఎన్ని వానల్లో, ఎన్ని ఘాట్‌రోడ్ల మీద ఆ చీలిక పెరుగుతూ ఉంటే, పైన కూర్చుని నేను పాటలు పాడుకొంటూ పోయానో తలచుకొంటే నాకు నోట మాట రాదు.

మీ డాబా మీద బట్టలకు పెట్టే క్లిప్పు ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదీ మన స్ప్రింగు చెల్లెలే. చుట్లు ఎన్నో లెక్కపెట్టండి. తరువాత క్లిప్పును నొక్కుతూ, చుట్టు బిగుస్తున్నదో విప్పుకొంటున్నదో కళ్లతో చూసి నాకు రాయండి. ఊహించి రాయవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య